ఏ ఫేజుకు కలిపారో రాసి ఇవ్వండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు. మురళీనగర్ నుంచి మధురవాడ వరకు, గోపాలపట్నం నుంచి గాజువాక వరకు విశాఖపట్నంలో ఏ మేడ ఎక్కి చూసినా ఇప్పుడు సోలార్ పలకలు కనిపిస్తున్నాయి. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించి, ఇంటికి 3 కిలోవాట్ల మీద 78,000 రూపాయల వరకు, అపార్ట్‌మెంట్లలో ఉమ్మడి అవసరాలకు పెట్టుకునే యూనిట్లకు కిలోవాటుకు 18,000 రూపాయల చొప్పున రాయితీ ఇస్తామన్నప్పటి నుంచి ఈ పని ఊపందుకుంది. రాయితీ ఎంత వస్తుందో, బిల్లు ఎంత తగ్గుతుందో చెప్పడానికి మనుషులు ఇంటికే వస్తున్నారు. ఒక ఇన్వర్టరు పెట్టించుకున్న మేడ మీద ఏడాదికో రెండేళ్లకో రెండోది, ఆ తరువాత మూడోది కలిపేటప్పుడు ఏం చూసుకోవాలో చెప్పేవారు మాత్రం కనిపించడం లేదు. ఆ విషయం మీదే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ముప్పై రెండేళ్లు ఒక కర్మాగారం విద్యుత్ విభాగంలో పనిచేసి ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేశాను. ప్రస్తుతం మేముంటున్న అయిదంతస్తుల అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శిని. ఇక్కడ రాస్తున్నవన్నీ మా మీటరు గదిలో, మా మేడ మీద నా చేత్తో కొలిచి చూసిన సంగతులు.

ముందుగా ఒక మాట గురించి చెప్పాలి. మన ఇళ్లలో ఇన్వర్టరు అంటే కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లు తిప్పే బ్యాటరీ పెట్టె. మేడ మీద సోలార్ పలకల కింద గోడకు బిగించేది దానికి భిన్నమైన యంత్రం. బ్యాటరీ పెట్టె తనంతట తానే 230 వోల్టుల కరెంటును తయారుచేసుకుంటుంది. గ్రిడ్‌కు, అంటే వీధి కరెంటు లైనుకు కలిపే సోలార్ ఇన్వర్టరు అలా చేయదు. అది ముందుగా వీధి నుంచి వచ్చే కరెంటు వోల్టేజిని, సెకనుకు 50 సార్లు ఊగే దాని లయను గమనించి, ఆ లయ కుదిరాకే పలకల నుంచి వచ్చే శక్తిని లైనులోకి తోస్తుంది. మన తీరంలో పెద్దవల లాగేవారిని చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. ముందున్నవాడు హైలెస్సా అంటే తాడు పట్టుకున్న ఇరవైమందీ ఆ పిలుపుకే ఊపు కలుపుతారు. పిలుపు ఆగితే అందరూ ఆగుతారు. గ్రిడ్ ఆ పిలుపు వంటిది, ఇన్వర్టర్లు తాడు పట్టుకున్నవారి వంటివి. అందువల్లనే ఎన్ని గ్రిడ్ ఇన్వర్టర్లనైనా ఒకే లైనుకు పక్కపక్కనే కలపవచ్చు. ముడసర్లోవ జలాశయం మీద తేలుతున్న 2 మెగావాట్ల సోలార్ కేంద్రమైనా, సింహాద్రి ఎన్టీపీసీ జలాశయం మీద 2021లో ప్రారంభమైన 25 మెగావాట్ల కేంద్రమైనా నడిచేది ఈ సూత్రం మీదనే. రెండు బ్యాటరీ ఇన్వర్టర్ల వైర్లను అలా కలిపితే మాత్రం దేని లయ దానిదే కాబట్టి, ఒకదాని కరెంటు మరొకదానిలోకి దూరి రెండూ కాలిపోతాయి. తమలో తాము లయ కలుపుకొనేలా తయారైన మోడళ్లు తప్ప వాటిని జతచేయకూడదు. ఈ తేడా తెలియక, ఇంట్లో ఉన్న బ్యాటరీ ఇన్వర్టరు వెళ్లే వైర్లకే సోలార్ ఇన్వర్టరును కూడా తగిలించమని అడిగిన ఇంటివారిని నేను చూశాను. పగలు ఇంట్లో వాడకం తక్కువగా ఉన్నప్పుడు మిగిలిన శక్తి వెనక్కి వెళ్లి ఆ బ్యాటరీ పెట్టెను పాడుచేస్తుంది. ఇలా అడగడం వారి తప్పు కాదు, రెండు వేర్వేరు యంత్రాలకు ఒకే పేరు పెట్టి అమ్మడం వల్ల వచ్చిన అయోమయం ఇది.

కలపవచ్చు అనేది ఒకటి, ఎలాగైనా కలపవచ్చు అనేది మరొకటి. మా అపార్ట్‌మెంటులో లిఫ్టుకు, నీళ్ల మోటారుకు, మెట్ల దీపాలకు ఉమ్మడి మీటరు ఒకటి ఉంది, అది మూడు ఫేజుల సర్వీసు, అంటే ఆర్, వై, బి అనే మూడు వేర్వేరు తీగల్లో కరెంటు వస్తుంది. సంఘం దగ్గర డబ్బు ఒకేసారి లేకపోవడంతో సోలార్‌ను విడతలుగా పెట్టించాలని తీర్మానించుకున్నాం. మొదటి విడత 5 కిలోవాట్ల సింగిల్ ఫేజు ఇన్వర్టరు వచ్చింది. మేడ మీద నుంచి కింద మీటరు గది వరకు సుమారు 45 మీటర్ల పొడవున 10 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం రెండు కోర్ల (లోపల రెండు తీగలున్న) కేబుల్ దించి, ఆర్ ఫేజుకు కలిపి వెళ్లారు. ఏడాదిపాటు ఏ ఇబ్బందీ రాలేదు. ఇక్కడ కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయని లెక్క. మాకూ దాదాపు అంతే వచ్చింది.

రెండో విడతలో వేరొక సంస్థ మనుషులు వచ్చి మరో 5 కిలోవాట్ల ఇన్వర్టరు బిగించారు. కొత్తగా కేబుల్ దించితే ఖర్చని చెప్పి, మేడ మీదనే ఒక చిన్న పెట్టె పెట్టి, పాత కేబుల్‌కే రెండో ఇన్వర్టరు వైర్లను జోడించి, దీపం వెలిగించి చూపించి వెళ్లిపోయారు. మరుసటి ఆదివారం మధ్యాహ్నం నీళ్ల ట్యాంకు చూడడానికి మేడ ఎక్కినప్పుడు ఒక ఇన్వర్టరు మీద ఎర్ర దీపం వెలుగుతోంది, తెర మీద గ్రిడ్ ఓవర్ వోల్టేజ్ అని ఉంది. చూస్తుండగానే అది మళ్లీ పని మొదలుపెట్టింది, నాలుగైదు నిమిషాలకు రెండోది ఆగింది. ఒకసారి ఇది, మరొకసారి అది. ఎండ బాగా కాసే 11 గంటల నుంచి 2 గంటల వరకు ఈ తంతు సాగుతూనే ఉంది. బిగించిన సంస్థకు ఫోన్ చేస్తే గ్రిడ్ లోపం అన్నారు, కరెంటు ఆఫీసులో అడిగితే సోలార్ లోపం అన్నారు.

పాత అలవాటు కొద్దీ టాంగ్ టెస్టరు (తీగ చుట్టూ పట్టి కరెంటును కొలిచే పరికరం), మల్టీమీటరు తీసుకుని కూర్చున్నాను. ఇన్వర్టర్లు రెండూ నడుస్తున్నప్పుడు కలిపి సుమారు 9 కిలోవాట్లు వస్తోంది, కేబుల్‌లో 36 ఆంపియర్లు పారుతోంది. అదే సమయంలో కింద మీటరు గదిలో 246 వోల్టులు, మేడ మీద ఇన్వర్టరు టెర్మినళ్ల దగ్గర 256 వోల్టులు ఉన్నాయి. ఒకే కేబుల్‌కు ఈ చివరకు, ఆ చివరకు మధ్య 10 వోల్టుల తేడా. మామూలుగా కరెంటు కింద నుంచి పైకి వెళ్తుంది కాబట్టి దూరం వెళ్లేకొద్దీ వోల్టేజి తగ్గుతుంది. సోలార్‌లో కరెంటు పైనుంచి కిందికి వస్తుంది, కాబట్టి ఆ తేడా మేడ మీద పెరుగుదలగా కనిపిస్తుంది. 10 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగకు కిలోమీటరుకు 3.08 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. పోయే తీగ, వచ్చే తీగ కలిపి మా 90 మీటర్లకు 0.277 ఓమ్. దానిని 36 ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది ఆ 10 వోల్టులే. నేను కొలిచింది, కాగితం మీద లెక్క చూపించింది అంత దగ్గరగా కుదిరినప్పుడు, గ్రిడ్ మీద నింద మోపనవసరం లేదని తేలిపోయింది. పైగా ఆ కేబుల్ ఒక్కటే సుమారు 360 వాట్లను వేడిగా గాలిలో కలిపేస్తోంది.

ఇన్వర్టరు ఎందుకు ఆగిపోతోందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఇళ్ల మీద పెట్టే ఇలాంటి చిన్న ఉత్పత్తి యూనిట్లను గ్రిడ్‌కు కలపడానికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో సాంకేతిక నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం వోల్టేజి నిర్ణీత విలువలో 80 శాతానికి తగ్గినా, 110 శాతానికి మించినా 2 సెకన్లలో సోలార్ యూనిట్ లైను నుంచి తప్పుకోవాలి. వోల్టేజి, ఫ్రీక్వెన్సీ (పైన చెప్పిన లయ) తిరిగి హద్దుల్లోకి వచ్చి కనీసం 60 సెకన్లు నిలకడగా ఉన్నాకే మళ్లీ కలవాలి. 230 వోల్టులకు 110 శాతం అంటే 253. మొదటి ఇన్వర్టరు ఒక్కటే ఉన్నప్పుడు మేడ మీద 251 ఉండేది, హద్దు దాటేది కాదు. రెండోది కలిశాక 256 అయింది. ఒకటి ఆగగానే 251కి దిగుతుంది, నిమిషం గడిచాక ఆగినది మళ్లీ కలుస్తుంది, మళ్లీ 256. ఇన్వర్టర్లు వాటి ధర్మం అవి పాటిస్తున్నాయి, ఇక్కడ పొరపాటు చేసింది మనిషి.

ఇంకొక సంగతి కూడా పాఠకులు గమనించాలి. వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను 433 వోల్టులకు దించేలా తయారవుతుంది. అంటే లోడు లేనప్పుడు ఒక్కో ఫేజుకు 250 వోల్టులు. రాత్రి ఏసీలు తిరిగేటప్పుడు చివరి ఇంటికి కూడా సరిపడా వోల్టేజి అందాలని పూర్వం నుంచీ అలా ఎక్కువగా పెట్టారు. కరెంటు ఒక్క వైపుకే పారే రోజుల్లో అది సరైన పద్ధతే. ఇప్పుడు అందరూ ఉద్యోగాలకు వెళ్లి ఇళ్లలో వాడకం లేని మిట్టమధ్యాహ్నం వేళ మేడల మీద నుంచి కరెంటు వెనక్కి వస్తోంది. 250కి, 253కి మధ్య ఉన్న ఆ కొద్ది వోల్టులలోనే వీధిలోని సోలార్ అంతా సర్దుకోవాల్సి వస్తోంది.

మూడోసారి పిలిచినప్పుడు వచ్చిన కుర్రవాడు సెల్‌ఫోన్‌లో ఏదో రహస్య సంఖ్య కొట్టి, ఇన్వర్టరు పై హద్దును 253 నుంచి 270కి పెంచబోయాడు. చాలాచోట్ల ఇలాగే చేసి బాగుచేశామని కూడా చెప్పాడు. నేను వద్దన్నాను. ఎర్ర దీపం ఆరిపోతుంది, నిజమే, కాని 10 వోల్టుల తేడా అలాగే ఉంటుంది, కేబుల్ వేడి అలాగే ఉంటుంది. వీధిలో పది మేడల మీద పదిమందీ ఇలాగే హద్దులు పెంచుకుంటూ పోతే ఆ ఫేజు మీద ఉన్న ప్రతి ఇంటిలోని ఫ్రిజ్, టీవీ, బల్బు ఆ ఎక్కువ వోల్టేజిని భరించాలి. సోలార్ లేని ఇంటివారు, ఎవరి పుణ్యమా అని తమ వస్తువులు కాలిపోతున్నాయో తెలియక నష్టపోతారు. ఆ హద్దు నాలుగు ఇళ్లవారి కోసం పెట్టినది, దానిని మన ఇష్టానుసారం జరపడం నా దృష్టిలో అన్యాయం. ఆ కుర్రవాడికి నిదానంగా ఇదంతా చెప్పాను, విన్నాడు. అతనికి శిక్షణ ఇచ్చినవారు ఇది చెప్పి పంపి ఉండాల్సింది.

పరిష్కారం కష్టమైనది కాదు. మూడో విడత కూడా కలుపుకుని, మూడు ఇన్వర్టర్లను ఆర్, వై, బి ఫేజులకు ఒక్కొక్కటిగా పంచాం. పాత రెండు కోర్ల కేబుల్ తీసివేసి, 16 చదరపు మిల్లీమీటర్ల నాలుగు కోర్ల అల్యూమినియం కేబుల్ దించాం. ఒక్కో ఫేజులో 18 ఆంపియర్లే పారుతోంది. మూడు ఫేజుల కరెంట్లు సమానంగా ఉన్నప్పుడు న్యూట్రల్ అనే తిరుగు తీగలో ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి కాబట్టి న్యూట్రల్ తీగలో దాదాపు ఏమీ ఉండదు, తిరుగు ప్రయాణపు నిరోధం లెక్కలోకి రాదు. ఈ ఏర్పాటులో మేడకు, మీటరు గదికి మధ్య తేడా ఒకటిన్నర వోల్టు. 9 కిలోవాట్లకు 10 వోల్టులు ఎక్కిన చోట, 13 కిలోవాట్లు దాటినా ఒకటిన్నర వోల్టే ఎక్కింది. ఆనాటి నుంచి ఈనాటి వరకు మధ్యాహ్నం ఎర్ర దీపం చూడలేదు. కేబుల్‌కు అయిన అదనపు ఖర్చు గురించి సంఘం సమావేశంలో కొందరు గొణిగారు. ఏడాది పొడవునా మధ్యాహ్నాలు పోగొట్టుకునే యూనిట్ల విలువ లెక్క వేసి చూపించాక ఒప్పుకున్నారు.

ఇక్కడ న్యూట్రల్ గురించి ఒక హెచ్చరిక. న్యూట్రల్‌లో కరెంటు తక్కువని ఆ తీగను సన్నగా వేయడం, దాని లగ్గును (కొనకు బిగించే లోహపు తొడుగును) వదులుగా వదిలేయడం ప్రాణాంతకమైన పొరపాటు. న్యూట్రల్ ఊడిపోతే ఒక్కో ఫేజు మీదున్న వస్తువుల మీద వోల్టేజి 400 వరకు కూడా వెళ్లవచ్చు. అల్యూమినియం తీగ కొన రాగి బస్‌బారు (పట్టీ) మీద కూర్చునేచోట రెండు లోహాలకూ పనికివచ్చే లగ్గు వాడి, గట్టిగా క్రింప్ చేయించాలి. సముద్రపు ఉప్పుగాలి తగిలే మన ఊళ్లో ఆరు నెలలకొకసారి ఆ బోల్టులను బిగించి చూసుకోవడం తప్పనిసరి. ఎం.వి.పి. కాలనీ, పెదవాల్తేరు వంటి తీరప్రాంతాల్లో ఇనుప నట్లు ఎంత త్వరగా తుప్పు పడతాయో అక్కడివారికి చెప్పనక్కరలేదు.

మూడో ఇన్వర్టరును ఎక్కడ కలపాలనే విషయంలో కూడా వాదన జరిగింది. బిగించడానికి వచ్చినవారు మేడ మీద లిఫ్టు గదిలో ఉన్న బోర్డులోనే ఖాళీగా ఉన్న ఎం.సి.బి.కి (కరెంటు హద్దు మించితే తానే పడిపోయే స్విచ్‌కి) తగిలిస్తామన్నారు, దగ్గర కాబట్టి. ఆ బోర్డుకు కింద నుంచి 40 ఆంపియర్ల ఎం.సి.బి. ద్వారా కరెంటు వస్తుంది, ఆ బోర్డు లోపలి రాగి పట్టీ ఆ 40 ఆంపియర్లకే తగినది. అదే పట్టీలోకి రెండో వైపు నుంచి సోలార్ 18 ఆంపియర్లు తోస్తే, అక్కడి లోడు 58 ఆంపియర్ల వరకు లాగినా కింది ఎం.సి.బి.కి కనిపించేది 40 మాత్రమే. అది పడదు, పట్టీ మాత్రం కాలుతుంది. సోలార్‌ను లోడ్ల బోర్డుల్లోకి దూర్చకూడదు. ఇన్వర్టర్లన్నీ ముందుగా వాటికే కేటాయించిన ఒక పెట్టెలో, ఒక్కోదానికి ఒక్కో ఎం.సి.బి.తో కలుసుకోవాలి. అక్కడి నుంచి ఒకే కేబుల్‌గా మీటరు గదిలోని మెయిన్ దగ్గరకు రావాలి. ఆ పెట్టెలోని పట్టీ, ఆ కేబుల్ అన్ని ఇన్వర్టర్ల కరెంటు మొత్తానికి సరిపోవాలి. రేపు ఇంకొకటి కలుపుతామనుకుంటే దానికీ చోటు ఉండాలి. లీకేజి కరెంటును పట్టే ఆర్.సి.సి.బి.ని అన్నింటికీ కలిపి ఒక్కటే పెడితే, ట్రాన్స్‌ఫార్మర్ లేని నేటి ఇన్వర్టర్లలో సహజంగా ఉండే కొద్దికొద్ది లీకేజీలన్నీ పోగుపడి అది ఊరకే పడిపోతుంటుంది కాబట్టి, ఒక్కోదానికి విడిగా పెట్టించుకోవడం మంచిది. పలకల వైపు, అంటే డీసీ వైపు, ఒక ఇన్వర్టరు వైర్లను మరొకదాని వైర్లతో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు. ఇన్వర్టర్లు కలుసుకునేది ఏసీ వైపు మాత్రమే.

అపార్ట్‌మెంట్లలో జనరేటరు ఉంటే ఇంకా జాగ్రత్త కావాలి. కరెంటు పోయి జనరేటరు తిరగడం మొదలయ్యాక, చేంజోవర్ స్విచ్‌కు (లోడ్లను గ్రిడ్ నుంచి జనరేటరుకు మార్చే స్విచ్‌కు) తరువాత, అంటే లోడ్ల వైపు సోలార్ కలిసి ఉంటే, ఇన్వర్టరుకు 230 వోల్టులు, సెకనుకు 50 ఊపుల లయ కనిపిస్తాయి. అది గ్రిడ్ కాదు, జనరేటరు అని దానికి తెలియదు. నిమిషం ఆగి తన శక్తినంతా అందులోకి తోస్తుంది. మిట్టమధ్యాహ్నం, లిఫ్టు ఆగి, మోటారు ఆగి, మెట్ల దీపాలు మాత్రమే ఉన్న వేళ మూడు ఇన్వర్టర్ల నుంచి 13 కిలోవాట్లు వచ్చి పడితే, మిగిలినదంతా జనరేటరులోకే వెనక్కి వెళ్తుంది. ఒక ఇన్వర్టరు ఉన్నప్పుడు జనరేటరు ఎలాగో తట్టుకుని ఉండవచ్చు. రెండు, మూడు అయ్యేసరికి వోల్టేజి, వేగం అదుపు తప్పి జనరేటరు చెడిపోతుంది. అందువల్ల సోలార్‌ను చేంజోవర్‌కు ముందు, కరెంటు సరఫరా వైపే కలపాలి. జనరేటరుతో కలిసి నడవాలనుకునేవారు దానికి తగిన నియంత్రణ పరికరం పెట్టించుకోవాలి గాని, ఊరికే వైర్లు కలిపి వదలకూడదు.

కరెంటు పోయినప్పుడు సోలార్ కూడా ఆగిపోతుందని తెలిసి చాలామంది నిరుత్సాహపడతారు. ఎండ కాస్తుండగా పలకలు ఊరకే పడి ఉన్నాయని మా సంఘంలో ఒక పెద్దాయన బాధపడ్డారు. దీనికి కారణం నాకు 2014 అక్టోబర్ 12 తరువాతి రోజులు గుర్తుచేస్తుంటాయి. హుద్‌హుద్ తుఫాను ఊరిని ఛిన్నాభిన్నం చేసిన తరువాత, బయటి జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మన్లు మా వీధిలో పడిపోయిన స్తంభాలు నిలబెట్టి తీగలు లాగారు. తీగ పట్టుకునే ముందు ప్రతిసారీ ఎర్తు రాడ్లు తగిలించి చూసుకునేవారు, ఎవరి ఇంటి జనరేటరు నుంచి వెనక్కి కరెంటు వస్తుందోనన్న భయంతో. ఆనాడు మేడల మీద సోలార్ అరుదు. ఈనాడు వీధికి అయిదారు ఉన్నాయి. గ్రిడ్ ఆగిన 2 సెకన్లలోపు ప్రతి ఇన్వర్టరూ ఆగిపోవాలన్న నియమం ఆ తీగ పట్టుకున్న మనిషి ప్రాణం కోసం పెట్టినది. దీనికి ఐఎస్ 16169 ప్రమాణం ప్రకారం పరీక్ష జరుగుతుంది, కాని అది ఒక్కో ఇన్వర్టరును విడిగా పెట్టి చేసే పరీక్ష. గ్రిడ్ ఉందో లేదో తెలుసుకోవడానికి కొన్ని కంపెనీల ఇన్వర్టర్లు లయను కాస్త పైకి నెట్టి చూస్తాయి, కొన్ని కిందికి నెట్టి చూస్తాయి. రెండు రకాలు ఒకే లైను మీద ఉంటే ఒకదాని ప్రయత్నాన్ని మరొకటి బలహీనపరిచే అవకాశం ఉంది. మా మేడ మీద రెండు కంపెనీలవి ఉన్నాయి. అందుకే ఎండ బాగా ఉన్నప్పుడు మూడింటినీ పూర్తిగా నడిపించి, మీటరు గదిలో మెయిన్ ఆపి, మేడ మీద మల్టీమీటరు పట్టుకుని చూశాం. మూడూ వెంటనే ఆగాయి. ఈ పరీక్షకు అయిదు నిమిషాలు కూడా పట్టదు. కొత్త ఇన్వర్టరు కలిపిన ప్రతిసారీ సంస్థల మనుషుల చేత ఇది మీ ఎదుటే చేయించుకోండని పాఠకులను కోరుతున్నాను.

ఇంతవరకు ఒక మేడ సంగతి. వీధి మొత్తం చూస్తే అదే కథ పెద్దదవుతుంది. సింగిల్ ఫేజు ఇళ్లలో ఏ ఇల్లు ఏ ఫేజు మీద ఉందో ఇంటివారికి తెలియదు. మూడు ఫేజులున్న ఇళ్లలో సోలార్ బిగించేవారు చేతికి ముందు అందిన ఫేజుకు కలిపి వెళ్తారు, అది తరచుగా ఆర్ ఫేజే అవుతుంది. అలా ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద పదిళ్ల సోలార్ ఒకే ఫేజు మీద కూడితే, మధ్యాహ్నం ఆ ఫేజు వోల్టేజి పైకి పోతుంది, మిగిలిన రెండూ కిందనే ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు అందరికన్నా దూరంగా ఉన్న ఇంటి ఇన్వర్టరు మొదట ఆగుతుంది. అందరిలాగే డబ్బు పెట్టినా ఆ ఇంటాయనకు అందరికన్నా తక్కువ యూనిట్లు వస్తాయి.

2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి, 10 కిలోవాట్ల వరకు ఇళ్ల మీది సోలార్‌కు సాంకేతిక సాధ్యాసాధ్యాల పరిశీలన లేకుండానే అనుమతి ఇవ్వాలని చెప్పింది. నేను దీనిని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను, అంతకుముందు దరఖాస్తు పెట్టినవారు నెలల తరబడి తిరిగిన రోజులు నాకు తెలుసు. కాని పరిశీలన తీసివేశాక, ఏ ఫేజు మీద ఎంత సోలార్ కూడుతోందో ఎవరో ఒకరు రాసి పెట్టాలి కదా. మన తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు ఈ ఊళ్లోనే ప్రధాన కార్యాలయం ఉంది. నెట్ మీటరు (తీసుకున్న, వెనక్కి ఇచ్చిన యూనిట్లు రెండూ లెక్కించే మీటరు) బిగించడానికి వారి సిబ్బంది ఎలాగూ ఇంటికి వస్తారు. అప్పుడే ఆ ఇన్వర్టరు ఏ ఫేజుకు కలిసిందో చూసి, రంగు చీటీతో మీటరు పెట్టె మీద అతికించి, తమ పుస్తకంలో ట్రాన్స్‌ఫార్మర్ వారీగా రాసుకోవాలని కోరుతున్నాను. ఒక ఫేజు నిండుతుంటే తరువాత వచ్చేవారిని వేరే ఫేజుకు మార్చడం వారి చేతిలో పని. ఉన్న చోట రెండో ఇన్వర్టరు కలిపేటప్పుడు, మిట్టమధ్యాహ్నం మేడ మీద, మీటరు దగ్గర కొలిచిన వోల్టులు రెండూ రాసి ఇస్తేనే పూర్తయినట్టు లెక్కించాలి. వోల్టేజి ట్యాపు (వోల్టేజిని పెంచే, తగ్గించే మెట్టు) మార్చుకునే వీలున్న ట్రాన్స్‌ఫార్మర్లున్న చోట, పగటి వోల్టేజిని చూసి ట్యాపు సరిచేయాలి. బిగించే సంస్థలు పలకల నుంచి మీటరు వరకు ఏది ఎక్కడ కలుస్తుందో, ఏ స్విచ్ ఆపితే ఏది ఆగుతుందో చూపించే గీత పటాన్ని తెలుగులో గీసి ఇంటివారికి ఇవ్వాలి. ఇప్పుడు ఇచ్చే పటాలు ఇంగ్లిషులో, ఇంజినీర్లకు మాత్రమే అర్థమయ్యేలా, ఫైలులో దాచుకోవడానికి తప్ప దేనికీ పనికిరాకుండా ఉన్నాయి.

మా మీటరు గదిలో అలాంటి పటం ఒకటి నేనే గీసి, లామినేషన్ చేయించి తలుపు వెనక అతికించాను. మూడు ఇన్వర్టర్లకు ఎరుపు, పసుపు, నీలం గీతలు, ఒక్కోదాని కింద కేబుల్ సైజు, కలిపిన తేదీ, మధ్యాహ్నం కొలిచిన వోల్టులు, అన్నింటికీ కలిపి ఆపే స్విచ్ చుట్టూ ఒక పెద్ద వలయం ఉంటాయి. పోయిన నెలలో మా వీధి స్తంభం మీద ఇన్సులేటరు మార్చడానికి వచ్చిన లైన్‌మన్, నిచ్చెన వేయకముందు మా మీటరు గదికి వచ్చి, ఆ పటం చూసి, వలయం గీసిన స్విచ్ తన చేత్తో ఆపి తాళం వేసుకుని, తాళంచెవి జేబులో వేసుకుని పైకి ఎక్కాడు.

భవదీయుడు,
ఒక అపార్ట్‌మెంటు నివాసుల సంఘం కార్యదర్శి,
మురళీనగర్, విశాఖపట్నం.